ఒట్టి కుండీకి చీమలు

"ఇది నా కుండీ కాదు."

పొద్దున ఫజర్ నమాజు చేసి లేచిన దగ్గర్నుంచి ఖాజా పాషా నోట ఇదే మాట. టీ గ్లాసు అందిస్తే అదే మాట. గుండె బిళ్ళ చేతిలో పెడితే అదే మాట. బిళ్ళ అరచేతిలోనే ఉంది, నీళ్ళ చెంబు గౌసియా బేగం చేతిలో ఉంది, ఆయన చూపు మాత్రం వరండాలో పాత పేపరు మీద బోర్లించి పెట్టిన కుండీ మీద ఉంది.

"ముందు బిళ్ళ ఏస్కోన్రి. కుండీ సంగతి రావు సాబ్ వచ్చి చూస్తడు కదా," అంది గౌసియా.

"రావు సాబ్ చూసేదేంది? నా కండ్లు నాకు లేవా? ఇన్నేండ్లు నా కుర్తా కొసతోని తుడిచిన. నా చెయ్యికి తెల్వదా?"

రైల్వేలో పనిచేసినన్నాళ్ళూ కాజీపేట షెడ్డులో ఇంజన్ల నూనెలో మునిగిన చేతులు అవి. రిటైరైన తర్వాత ఆ చేతులు జపాను మరుగుజ్జు చెట్లకు అంకితమయ్యాయి. మేడ మీద, వరండాలో, బావి గట్టున చిన్నా పెద్దా చెట్లు చాలానే ఉన్నాయి. వాటన్నిటికీ దొర లాంటిది నల్ల పైన్. మోకాలెత్తు కూడా లేదు. చూస్తే మాత్రం కొండ కొస మీద గాలికి వంగి నిలబడ్డ ముసలి చెట్టులా ఉంటుంది. ఎండాకాలం దానికి వేడి తగలకుండా కొత్తవాడ నుంచి తెచ్చిన జంపఖానా తడిపి చుట్టూ కడతాడు పాషా. ఇంట్లో మనుషులకు కూలరు చెడిపోయినా అంత తొందర ఉండదు.

ఆ చెట్టు కూర్చునే కుండీయే ఇప్పుడు పేపరు మీద ఉన్నది. సికింద్రాబాదులో ఒక రైల్వే ఆఫీసరు జపాను నుంచి తెచ్చుకుని, ఇల్లు ఖాళీ చేసి పోతూ చెట్టుతో సహా పాషా చేతిలో పెట్టాడు. కోలగా, లోతు తక్కువగా, ముదురు ఇటుక రంగులో ఉంటుంది. చక్రం మీద తిప్పింది కాదు, చేత్తో ఒత్తి చేసింది. అంచు మీద ఒకచోట చేసినవాడి బొటనవేలు నొక్కు కూడా ఉంది. వానల్లో పైన్ వేర్లకు తెగులు పట్టిందని చెట్టును చెక్కపెట్టెలోకి మార్చి, కుండీని మెట్ల కింద భద్రంగా పెట్టాడు. చెట్టు కోలుకుంది కదా, హైదరాబాదు ప్రదర్శనకు తీసుకుపోదామని నిన్న కుండీ బయటికి తీశాడు. తీసిన క్షణం నుంచి ఇంట్లో అన్నం సయించలేదు ఎవరికీ.

రాజేశ్వర్ రావు వచ్చేసరికి ఎండ వరండా మెట్టు ఎక్కింది. హన్మకొండలో కాలేజీ పంతులుగా చేసి దిగిపోయిన మనిషి. ఆయన ఇంట్లోనూ చెట్లే. కళ్ళజోడు తుడుచుకుని, చెప్పులు విడిచి, గుడిలోకి అడుగుపెట్టినట్టు కుండీ ముందు కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, జర వెలుతురుకు అడ్డం లేకుంట జరుగు," అన్నాడు.

గౌసియా జరిగింది. ఆయన కుండీని తిప్పాడు, ఎత్తాడు, గోటితో తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు. అడుగున చేసినవాడి ముద్ర మీద వేలు నడిపించాడు.

"ముద్ర సరిగ్గనే ఉంది పాషా భాయ్."

పాషా ముఖంలోకి ప్రాణం వచ్చినట్టయింది.

"కాని ముద్రదేముంది? అచ్చు ఉంటె ఎవడైనా గుద్దుతడు. కుండీ వయసు దాని ఒంటి మీద కనబడాలె. నీళ్ళు తాగి, ఎండకు ఎండి, మనిషి చెయ్యి తగిలి తగిలి ఒక మెరుపు వస్తది. అది ఒక్కనాడు వచ్చేది కాదు. దీనికి ఆ మెరుపు ఏది? నిన్న బట్టీలకెళ్ళి తీసినట్టుంది."

"నేను జెప్పలే?" అన్నాడు పాషా, భార్య వైపు తిరిగి. గెలిచినవాడి గొంతు కాదు అది.

"ఇంకోటి చూడున్రి." రావు కుండీని బోర్లించి, నీళ్ళు పోవడానికి అడుగున ఉన్న రెండు రంధ్రాలు చూపించాడు. "వీటి లోపలి అంచుకు తెల్లగ ఏదో పెట్టిన్రు. పుట్టీ లెక్కుంది. చేసినోడు పగులు కప్పిండు. అసలు కుండీకి ఇసొంటిది ఉండెనా?"

"అల్లా ఖసమ్, లేకుండె."

రావు గొంతు సవరించుకున్నాడు. చెప్పాలా వద్దా అన్నట్టు ఒకసారి మేడ మెట్ల వైపు చూశాడు.

"ఒక మాట అంటె కోపం తెచ్చుకోవద్దు. మన చెట్లోళ్ళ గ్రూపుల పోయిన నెల ఒక ఫోటో వచ్చింది. కొత్తగ కనబడే కుండీకి పాత మెరుపు ఎట్ల తెప్పియ్యాలె అని అడిగిండు. అది దొంగ సరుకు చేసేటోళ్ళు అడిగే మాట. నేను జవాబు ఇచ్చేలోపట ఫోటో తీసేసిండు."

"ఎవడు?"

"పేరు... అర్షద్ అని ఉండె."

గౌసియా చేతిలో చెంబు ఒలికి పాదాల మీద నీళ్ళు పడ్డాయి.

అర్షద్ ఎవరో కాదు. ఆమె సొంత అన్న ఖలీల్ కొడుకు. బిడ్డ సుమయ్యాను ఇచ్చి, ఇంట్లోనే పెట్టుకున్న అల్లుడు. మేడ మీద గదిలో ఉంటారు ఇద్దరూ. పాషాకు ఫోను వాడటం సరిగా రాదని, చెట్ల ఫోటోలు గ్రూపులో పెట్టడానికి అల్లుడినే చేర్పించాడు పాషా.

"మొగిలి సుత చెప్పిండు," అన్నాడు పాషా నెమ్మదిగా. పక్కింటి మొగిలి నోరు జారే మనిషి కాదు. "గోనెసంచిల ఏందో చుట్టుకొని బండి మీద పట్కపోతాంటె చూసిండట. నేను నమ్మలే. అల్లున్ని అనుమానిస్తె బిడ్డను అనుమానించినట్టేనని ఊకున్న."

"మీరు తొందరపడకున్రి," అంది గౌసియా.

"తొందరనా? సుమయ్యా! నీ మొగణ్ణి కిందికి రమ్మను!"

అర్షద్ దిగివచ్చాడు. డ్యూటీకి పోవడానికి తయారై ఉన్నాడు. కుండీని చూశాడు, రావును చూశాడు, తర్వాత తన బొటనవేలి గోరు చూసుకోవడం మొదలుపెట్టాడు.

"గ్రూపుల ఫోటో పెట్టింది నువ్వేనా?"

"నేనే మామా."

"గోనెసంచిల పట్కపోయింది?"

"నేనే."

"ఏడికి?"

అర్షద్ చూపు మళ్ళీ గోటి మీదికి పోయింది.

"నిన్నే అడుగుతాన్న. ఏడికి పట్కపోయినవ్? ఎవనికిచ్చినవ్? దీన్ని ఏడికెళ్ళి తెచ్చినవ్?"

"నేను ఎవ్వనికియ్యలే మామా. ఇది..." అని ఆగి, తలెత్తి మేడ మెట్ల వైపు చూశాడు. మెట్ల మలుపులో సుమయ్యా ఓణీ కొంగు కనబడింది, వెంటనే లోపలికి పోయింది. "నేనేం చెప్పలేను."

"చెప్పలేవు కదా. మంచిది. రేపు జుమ్మా. మీ అబ్బాను నెక్కొండ నుంచి రమ్మని ఫోన్ చేస్త. నమాజ్ అయినంక ఖురాన్ తెప్పిస్త. చెయ్యి పెట్టి, నేను మార్చలేదని చెప్పు. చెయ్యి పెట్టవో, ఈ ఇంట్లకెళ్ళి నడువు. నా బిడ్డ నీ ఎంబడి వస్తదో ఇక్కడ ఉంటదో అది దాని ఇష్టం."

"కుండీకి ఖురానా?" గౌసియా నోట అప్రయత్నంగా వచ్చేసింది.

"కుండీకి కాదు. దొంగతనానికి," అన్నాడు పాషా.

రావు చెప్పులు తొడుక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా గేటు దాటాడు. అర్షద్ డ్యూటీకి పోలేదు. మేడ మీదికి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

మధ్యాహ్నం గౌసియా జొహర్ నమాజుకు నిలబడితే మేనల్లుడి ముఖమే కళ్ళ ముందు. సజ్దాలో నుదురు నేలకు ఆనించిన క్షణంలో కూడా, వాడు ఎందుకు కళ్ళు కలపడం లేదు, పిల్లిలా మెట్లెక్కడం ఎప్పటినుంచి నేర్చుకున్నాడు అన్న ప్రశ్నలే. తన చేతుల్లో పెరిగినవాడు. చిన్నప్పుడు పక్కింటి జామకాయ కోసుకొచ్చి, ఆ సంగతి తనే వచ్చి చెప్పి ఏడ్చినవాడు. అలాంటివాడిని అనుమానించడం పాపమా, అనుమానించకుండా కళ్ళు మూసుకోవడం పాపమా? నమాజు ముగించి రెండువైపులా సలాము చెప్పింది కానీ మనసుకు మాత్రం ఏ వైపూ జవాబు రాలేదు.

శుక్రవారం పొద్దున పాషా స్నానానికి పోయాడు. గౌసియా వరండా ఊడుస్తూ ఊడుస్తూ ఆగిపోయింది.

గోడ పగులులోంచి సన్నటి ఎర్ర దారం లాంటిది బయలుదేరి, చెక్కపెట్టెలో ఉన్న పైన్ చెట్టును పట్టించుకోకుండా పక్కనుంచి పోయి, పేపరు మీది కుండీలోకి దిగుతోంది. చీమలు. మట్టి లేదు, చెట్టు లేదు, ఎరువు లేదు. ఒట్టి కుండీ. దానికి చీమలు ఎందుకు?

"ఏం గౌసక్కా, పొద్దుగాల్నే కుండీల మొఖం చూస్కుంటాన్నవ్?"

గోడ అవతలి నుంచి మొగిలి భార్య భద్రమ్మ. చేతిలో వేపపుల్ల, కొప్పులో నిన్నటి పూలు.

"చీమలు పట్టినయ్ భద్రమ్మా. ఒట్టి దానికి."

"చక్కెర గిట్ల పడ్డదేమో చూడు. మీ సుమయ్య చెయ్యి అసలే తీపి చెయ్యి. ఆ దినం పాయసం చేసింది చూడు, యాలకలు దంచి ఏసి, నేనైతె ఏలు నాకిందే నాకుడు..."

భద్రమ్మ నోట్లో వేపపుల్ల ఆగింది.

"ఏ దినం?" అంది గౌసియా.

"ఏ దినమో. నాకేం యాదికుంటది? ముసల్దాన్నయిన."

"నాకన్న చిన్నదానివి నువ్వు. ఏ దినం పాయసం? మా ఇంట్ల ఈ మధ్య పాయసం ఎవ్వరు చెయ్యలే."

"అయ్యో, పొయ్యి మీద పాలు పెట్టొచ్చిన అక్కా, పొంగుతానయ్ కావచ్చు!"

"భద్రమ్మా!"

"నన్ను అడుగకు. ఎవ్వరికి చెప్పనని పోరికి మాటిచ్చిన. మాటంటె మాటే." భద్రమ్మ గోడ దగ్గర్నుంచి మాయమైంది. వెనకాల తలుపు వేసుకున్న చప్పుడు, ఆ వెంటనే "నా నోటికి తాళం పెట్ట" అని తనను తాను తిట్టుకోవడం వినబడింది.

గౌసియా చీపురు గోడకు ఆనించి కుండీ ముందు కూర్చుంది. బోర్లించి చూసింది. రావు పుట్టీ అన్నది రంధ్రాల లోపలి అంచుకు గట్టిగా అంటుకుని ఉంది. చీమలన్నీ దాని చుట్టే. గోటితో గీకింది. రాలేదు. చెంబులో వేలు ముంచి తడిపింది. కొద్దిసేపటికి అది మెత్తబడి, రెండు వేళ్ళ మధ్య సాగింది.

పుట్టీ సాగదు.

పెళ్ళయిన నాటి నుంచీ ఆ వేళ్ళు చేస్తున్న పని పిండి పిసకడమే. కళ్ళు మూసుకుని కూడా చెప్పగలదు. గోధుమపిండి. రంధ్రాల్లోంచి ఏదీ కారిపోకుండా పిండి ముద్ద పెట్టి మూశారు. కుండీని ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. మట్టి వాసన వెనకాల, సన్నగా, దాక్కున్నట్టుగా యాలకుల వాసన.

మట్టి పాత్రలో పాయసం.

కూండాల ఫాతెహా!

అత్త బతికున్న రోజుల్లో ఈ ఇంట్లో ఏటా రజబ్ నెలలో జరిగేది. కడిగి శుభ్రం చేసిన కూండాల్లో, అంటే మట్టి పాత్రల్లో, పాయసం, పూరీలు నింపి, ఫాతెహా చదివి, పిలిచినవాళ్ళను అక్కడే కూర్చోబెట్టి తినిపించేవారు. ఆ గది దాటి మెతుకు బయటికి పోకూడదు. మొక్కుకున్న పని అయితే చేసే ఫాతెహా అది. అత్త పోయాక పాషా ఎవరో మౌల్వీ బయానులు విని, ఇది దీన్‌లో, మన మతధర్మంలో లేదు, మనుషులు కల్పించుకున్నది, ఈ ఇంట్లో కూండాలు చేస్తే ఇక్కడ మంచినీళ్ళు ముట్టనన్నాడు. గౌసియా వాదించలేదు. ఆయన చదివిన మనిషి, తను నాలుగో తరగతితో బడి మానిన మనిషి. మానేసింది. కానీ రజబ్ వచ్చినప్పుడల్లా ఒక చిన్న ప్రశ్న లోపల తిరిగేది. ఆకలైనవాళ్ళకు తీపి పెట్టడంలో అల్లాకు కోపం వచ్చేదేముంది?

కుండీని కొంగు కింద పెట్టుకుని మేడ మెట్లెక్కింది.

అర్షద్ లేడు. సుమయ్యా మంచం మీద బట్టలు మడత పెడుతోంది. మంచం పక్కన సూట్‌కేసు తెరిచి ఉంది. తల్లి కొంగు కిందినుంచి కుండీ తీసి మంచం మీద పెట్టగానే ఆమె చేతిలోని షర్టు మడత విప్పుకుని జారింది.

"ఇది వేరే కుండీ కాదు కదా?"

సుమయ్యా మంచం మీది కుండీని రెండు చేతులతో దగ్గరికి లాక్కుంది.

"పిండి పెట్టి తొర్రలు మూసినవ్. పాయసం పోసినవ్. ఎప్పుడు చేసినవ్?"

"అమ్మీ..."

"ఎప్పుడే?"

"మీరిద్దరు నెక్కొండల పెండ్లి వలీమాకు పోయిన్రు చూడు. ఆ దినం." సుమయ్యా తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "కొత్త మట్టి పాత్ర తెచ్చిన అమ్మీ. మెట్ల మీద చెయ్యి జారి పగిలింది. పాయసం దించిన, పూరీలు కాల్చిన, పిలిచినోళ్ళు వచ్చి కూసున్నరు, అర్షద్ చదవనీకె కాళ్ళు చేతులు కడిగి వుజూ చేస్కొని కూసున్నడు. మెట్ల కింద చూస్తె ఇదుండె."

"మీ అబ్బా కుండీ అని తెల్వదా?"

"తెల్సు. కడిగి మళ్ళ అక్కడనే పెడ్తె ఏమైతది అనుకున్న. లోపట మన్ను, ఎరువు ఉన్నది కదా, పాక్ కాదు కదా, శుద్ధం చెయ్యాలె అని చింతపండు, బూడిద పెట్టి తోమిన. ఎంత తోమిన్నో అమ్మీ, చేతులు మండినయ్. మురికంత పోయి కొత్త దాని లెక్క అయింది. నేనైతె మస్తు సంబురపడ్డ, అబ్బా చూస్తె ఖుష్ అయితడని." సుమయ్యా నవ్వబోయి ఏడ్చింది. "సాయంత్రం అర్షద్ వెలుతురుల చూసి నెత్తి పట్టుకున్నడు. నువ్వు తోమింది మురికి కాదే, మీ అబ్బా ఇన్నేండ్ల మెహనత్‌తోని వచ్చిన మెరుపు అన్నడు."

గౌసియాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రావు సాబ్ అంతటి మనిషి చదువుకున్న కళ్ళతో చూసి దొంగ సరుకు అన్నది, తన బిడ్డ చేతి చింతపండు పని.

"ఆ మెరుపు మళ్ళ వస్తదేమోనని గ్రూపుల అడిగిండు. కాజీపేటల తెల్సినాయన ఉన్నడంటె గోనెసంచిల చుట్టి పట్కపోయిండు. రాదన్నరట. నన్ను కాపాడనీకె తిరిగి తిరిగి, తనే దొంగ అయిండు."

"ఏం మొక్కుకున్నవే అంతగనం? మీ అబ్బా వద్దన్నది చేసేటంత?"

సుమయ్యా షర్టు తీసి మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. చేతులు ఒక్క బొత్తాం దగ్గరే తిరుగుతున్నాయి.

"చెప్పు."

"అబ్బాను దవాఖానల అద్దాల గదిలకు తీస్కపోయిన్రు చూడు. డాక్టర్ బయటికొచ్చి, ఏం చెప్పలేం, దువా చేస్కోన్రి అన్నడు. నువ్వు తస్బీ పట్టుకొని కూసున్నవ్. నేను అద్దం కాడ నిలబడి, అబ్బా నడుచుకుంట ఇంటికొస్తె కూండాలు చేస్త అన్న. నాయినమ్మ చేసేది యాదికొచ్చింది. ఇంకేం యాదికి రాలే."

గౌసియా మంచం పట్టె మీద కూర్చుంది.

ఆ తస్బీ పట్టుకున్న చేతులు ఆమెకు గుర్తున్నాయి. పూసలు తిరుగుతుంటే అదే మాట తన నాలుక చివరిదాకా వచ్చింది. కూండాలు చేస్తాను యా అల్లా అని. ఆయనకు తెలిస్తే ఏమంటాడో అని మింగేసింది. చావుబతుకుల్లో ఉన్న భర్త కోపానికి భయపడి, ఆ భర్త ప్రాణం కోసం మొక్కలేకపోయింది. బిడ్డ భయపడలేదు.

"మరి మీ అబ్బాకు చెప్తె అయిపాయె కదనే. ఆయన కోసమే కదా."

"ఎట్ల చెప్పాలె అమ్మీ? వచ్చిపోయేటోళ్ళందరికి ఏం చెప్పుకుంటాండు? 'తాయెత్తు లేదు, మొక్కు లేదు, సీదా అల్లా నన్ను లేపిండు' అని కాదా? గా మాట చెప్పేటప్పుడు మొఖం ఎట్ల ఎలిగిపోతది! నీ పాణం కోసం నువ్వు పాపమన్న పనే చేసినమని చెప్పాల్నా? కోపం రానియ్యొద్దని డాక్టర్ సాబ్ ఎన్నిసార్లు చెప్పిండు? మళ్ళ గా అద్దాల గదిలకు పోతె?"

"అందుకని నీ మొగుడు దొంగయితడా?"

"ఖురాన్ మీద చెయ్యి పెడ్తడు. మార్చలేదని చెప్తడు. అబద్ధం కాదు కదా."

"అప్పుడు మీ అబ్బా, నువ్వు కాకపోతె ఇంకెవరు అంటె?"

కింద స్నానాల గది గడియ తీసిన చప్పుడైంది.

గౌసియా కుండీని మళ్ళీ కొంగు కిందికి తీసుకుంది. "నువ్వు నోరు తెరువకు. నేను చెప్త. నాకు చెప్పే తీరు తెలుసు," అంది. మెట్లు దిగుతుంటే మాత్రం, తనకు తెలిసిన తీరు ఏదో తనకే తోచలేదు.

జుమ్మా నమాజు విడిచి మగవాళ్ళు ఇంటికొచ్చారు. ఖలీల్ నెక్కొండ నుంచి బండి దిగి సరాసరి మసీదుకు పోయి, అక్కడి నుంచి బావతో కలిసి వచ్చాడు. మిర్చి తోటలో ఎండి నల్లబడ్డ ముఖం. కుర్చీ ఉన్నా కూర్చోలేదు.

"ఆరోగ్యం ఎట్లున్నది బావా?" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అల్లా దయ. తాయెత్తు లేదు, మొక్కు లేదు. సీదా ఆయనే లేపిండు."

వంటగది గడపలో కుండీ పట్టుకుని నిలబడ్డ గౌసియా ఆ మాట విన్నది. పెదవుల దాకా వచ్చిన మాట వెనక్కి పోయింది. ఇప్పుడు కాదు, ఇంకొక నిమిషం ఆగి చెబుతాను అనుకుంది. ఆసుపత్రిలో కూడా ఇలాగే అనుకుంది.

పాషా లేచి అలమారలోంచి పచ్చ గుడ్డలో చుట్టిన ఖురాన్ తీసి, కళ్ళకద్దుకుని, చిన్న బల్ల మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు. అర్షద్ ఎదురుగా నిలబడ్డాడు. టోపీ సర్దుకున్నాడు.

"బావా," అన్నాడు ఖలీల్, "నా కొడుకు తప్పు చేస్తె నేనే తోలు తీస్త. కాని మన్నుతోని చేసినదాని కోసం అల్లా కలాం కిందికి దించుతాన్నం. జర సోచాయించు."

"నువ్వు నెక్కొండల ఉంటవ్ బావా. ఇంట్ల దొంగతోని అన్నం తినేది నేను."

పాషా అల్లుడి వైపు తిరిగాడు.

"చెయ్యి పెట్టు."

అర్షద్ చెయ్యి ముందుకు చాచాడు. పచ్చ గుడ్డకు బెత్తెడు దూరంలో ఆగాడు.

ఆ ఆగడం ఎందుకో గౌసియాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అతని చూపు పోయినవైపు చూసింది. మేడ మెట్ల మీద సుమయ్యా. ఓణీ తల మీదికి లాక్కుని, ఒక్కో మెట్టు దిగుతోంది. నోరు తెరవబోతోంది.

పాషా కూడా తల తిప్పాడు. "నువ్వెందుకొచ్చినవే?" అన్నాడు. అనడంలోనే అరచెయ్యి ఛాతీ మీదికి పోయింది, అలవాటుగా పోయిందో నొప్పి వచ్చి పోయిందో.

"అబ్బా, నేను..."

"ఖురాన్ దాకా వద్దు మామా," అన్నాడు అర్షద్ గట్టిగా, చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని. "నేనే మార్చిన."

ఖలీల్ తల మీది టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. చావు కబురు విన్నవాడిలా కుర్చీలో కూర్చున్నాడు. సుమయ్యా మెట్ల మీదే కూలబడి, రెండు చేతులతో నోరు మూసుకుంది.

గౌసియాకు ఇప్పుడు అర్థమైంది. ఒట్టు వేస్తే అబద్ధం చెప్పలేడు. అందుకే ఒట్టు వేయకుండా అబద్ధం చెప్పాడు. జామకాయకు ఏడ్చినవాడు.

"మార్చినవా," అన్నాడు పాషా. గొంతు చిత్రంగా నెమ్మదించింది. "మంచిది. ఒప్పుకున్నవ్. అయితె నా అసలు కుండీ ఏడుంది?"

అర్షద్ నేల చూశాడు. నేలకు, గడపకు మధ్య చూశాడు. గడపలో అత్త చేతుల్లో ఉన్నదాన్ని చూడకుండా ఉండటానికి కళ్ళు ఎటు పెట్టాలో అతనికి తెలియలేదు.

"అమ్ముకున్నవ్. చెప్పనీకె సిగ్గు." పాషా లేచాడు. "సరే. అసలుది పోయింది. ఈ దొంగది మాత్రం నా ఇంట్ల ఉండొద్దు. గౌసియా, ఇటియ్యి."

"ఏం చేస్తరు?"

"బట్టలుతికే బండకేసి కొడ్త. ఇటియ్యి."

"వద్దు," అంది గౌసియా.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట ఆయనతో ఇంత పొట్టిగా ఎన్నడూ అనలేదు. పాషా విన్నట్టే లేడు. దగ్గరికి వచ్చి కుండీ ఒక అంచు పట్టుకున్నాడు. జపాను కుమ్మరి బొటనవేలు నొక్కిన చోటే ఆయన బొటనవేలు పడింది, రోజూ తుడిచేటప్పుడు పడే చోటే.

రెండో అంచు గౌసియా వదల్లేదు.

"వదులు."

"నేను చెప్పేది ఇనున్రి..."

"వదులు గౌసియా!"

ఆయన లాగాడు. ఆమె ఇంకా గట్టిగా పట్టుకుంది. గీకినచోట తడి ఆరని పిండి ఆమె వేళ్ళకు జిగటగా తగిలింది. కుండీ లోపలినుంచి ఒక ఎర్రచీమ అంచు మీదికి ఎక్కి, ఒక్క క్షణం ఆగి, ఖాజా పాషా బొటనవేలు మీదికి పాకింది. దాని వెనక ఇంకొకటి.

లాగడం ఆగింది.

ఆయన చీమను చూశాడు. కుండీ లోపలికి చూశాడు. తర్వాత తలెత్తి, అల్లుణ్ణి కాదు, బిడ్డను కాదు, భార్య ముఖంలోకి చూశాడు. ఆ చూపు నిన్నటినుంచి అర్షద్ మీద ఉన్న చూపే.

"ఒట్టి కుండీకి చీమలు ఎందుకు పడ్తయ్ గౌసియా?"